ఆ పక్క నాడె

ధర్మవరంలో తిప్పన్న మగ్గం అంటే తెలియని నేతగాడు లేడు. తిప్పన్న పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మగ్గం మీద కూర్చునేది పెద్దకొడుకు ఆదెప్ప, అయినా పేరు మాత్రం తండ్రిదే. ఆదెప్పకు అందులో బాధేమీ లేదు. తన పేరు నలుగురి నోట్లో నానాలని అనుకునే మనిషి కాదు. అసలు ఏదైనా అనుకునే మనిషే కాదు. తెల్లవారితే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టాలి, పొద్దుగూకితే తీయాలి, మధ్యలో చీర పెరగాలి. అతనికి తెలిసిన లోకం అంతే.

ఆ ఇంట్లో మాటలు కూడా తక్కువ. ఏళ్ళ తరబడి అక్కడ ఎక్కువగా వినిపించిన మాట ఒక్కటే, "ఊఁ".

అది కోపం కాదు, ఒప్పుకోలూ కాదు. కుట్టు అంచు చీర నేసేవాళ్ళకు అది పని. చీర ఒళ్ళు ఒక రంగు, అంచులు ఇంకో రంగు అయినప్పుడు పోగును అటూ ఇటూ మోసే నాడెలు మూడు కావాలి. రెండు నాడెలు గుంతలో కూర్చున్న నేతగాడి చేతుల్లో ఆడతాయి. మూడోది అతనికి ఎడంపక్కన చెక్క మీద కూర్చున్న రెండో మనిషిది. నేతగాడు తన నాడె విసిరి "ఊఁ" అంటాడు. రెండో మనిషి అంచు నాడె విసురుతాడు. ఒళ్ళు పోగూ అంచు పోగూ ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. ఆ పెన ఎంత బిగువుగా పడితే చీర అంతకాలం నిలుస్తుంది. ఒక్కడి చేత అయ్యే పని కాదని ఆ ఊళ్ళో పుట్టిన పిల్లకాయకైనా తెలుసు.

గుంతలో ఆదెప్ప, ఎడంపక్కన తమ్ముడు నరసింహులు. తండ్రి పోయిన నాటి నుంచీ అదే వరస. ఆదెప్ప భార్య పెళ్ళైన రెండో ఏడే కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. మళ్ళీ పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే లేచి మగ్గం దగ్గరికి పోయేవాడు. తమ్ముడికి మాత్రం హిందూపురం పిల్ల రామాంజినమ్మను తెచ్చి పెళ్ళి చేశాడు. అన్నదమ్ములిద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా బారెడు దూరంలో కూర్చుని ఒకరితో ఒకరు చెప్పుకున్నదేమిటయ్యా అంటే, ఒకడి "ఊఁ", ఇంకొకడి నాడె చప్పుడు. దాన్నే వాళ్ళు ప్రేమ అనుకున్నారో, పని అనుకున్నారో, ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

ఆ ఇంటికి ఇంకొక పట్టింపు ఉండేది. మగ్గం బోసిపోకూడదు. చీరలు కోసి తీసేటప్పుడు పడుగు, అంటే నిలువు పోగులు, మొత్తం కోసేయరు. దువ్వెన లాంటి అచ్చులో దూరిన పోగుల మొదళ్ళు జానెడు వదిలేసి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా ఆ మొదళ్ళకే అతికిస్తారు. పని సులువు కోసం ఊరంతా చేసేదే అది. తిప్పన్న ఇంట్లో మాత్రం అది సులువు కోసం కాదు. తన మొదటి పడుగు మొదళ్ళకే తర్వాతవన్నీ అతుకుతూ వచ్చాయనీ, వాటిని ఎప్పుడూ కోయవద్దనీ పోయేముందు కొడుకులతో చెప్పి పోయాడాయన.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటేడు కాబోలు, ఒకనాడు కొంగు నేయడం ముగించి చేతులు దులుపుకుంటూ నరసింహులు నోరు విప్పాడు.

"అన్నా, మనం ఇట్లే నేసుకుంటా పోతే యాడికి పోతాం?"

"యాడికి పోవల్ల? ఈడనే ఉంటాం."

"అది గాదన్నా. ఇంకొన్నేండ్లకు ఈ మగ్గం ఏం కావల్ల? ఒకటే ఉండల్నా, నాలుగు కావల్నా? చీర షావుకారికి ఇయ్యల్నా, మనమే అమ్ముకోవల్నా? ఏదో ఒకటి అనుకోవల్ల గదా."

ఆదెప్ప నవ్వాడు. తమ్ముడి ముఖంలోకి చూసి నవ్వినా బాగుండేది. అచ్చు వైపు చూస్తూ నవ్వాడు. "నాయన ఏమన్నా అనుకున్యాడా? నాయన నేసినాడు. మనమూ నేస్తాండాము. బుద్ధి పుట్టినప్పుడల్లా దావ మారిస్తే ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అంటారు."

నరసింహులు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మాట ఎత్తని మనిషి ఒప్పుకున్నట్టే అనుకున్నాడు ఆదెప్ప. అదీ అతని తెలివి. ఆ పడుగు అయిపోయేదాకా తమ్ముడు ఎడంపక్కన ఎప్పటిలాగే కూర్చున్నాడు. అయిపోయాక కొత్త పడుగు పోగులన్నీ తనే కూర్చుని అన్నకోసం పాత మొదళ్ళకు అతికించాడు. అతికించి లేచి, "అన్నా, రామాంజినమ్మోళ్ళు హిందూపురంలో అంగడివీధిలో ఒక వసారా ఇస్తామన్నారు. పెండ్లి చీరలమ్ముతా. పోయొస్తా" అన్నాడు.

"ఎప్పుడొస్తావు?" అని ఆదెప్ప అడిగాడు. పండక్కి పోయే మనిషిని అడిగినట్టు అడిగాడు.

నరసింహులు వంగి అన్న కాళ్ళు ముట్టుకున్నాడు. రామాంజినమ్మ మూట నెత్తిన పెట్టుకుంది. వాళ్ళు వీధి మలుపు తిరిగాక ఆదెప్ప లోపలికి వచ్చి గుంతలో దిగాడు, నాడె విసిరాడు, అలవాటు కొద్దీ "ఊఁ" అన్నాడు. ఎడంపక్క నుంచి ఏమీ రాలేదు. అప్పుడు తెలిసింది అతనికి, తమ్ముడు పోయాడని.

ఆ తర్వాత కూలికి మనుషుల్ని పిలిచాడు. ఒక్కొక్కరు ఒక చీర దాకా ఉండి మానేశారు. అతని "ఊఁ"కీ వాళ్ళ చేతికీ కుదిరేది కాదు. ముందు విసిరితే చూసేవాడు, వెనక విసిరితే చూసేవాడు, నోరెత్తి చెప్పేవాడు కాదు. "ఆయప్ప తిట్టినా బాగుండు, ఆ చూపుకు ఆడ కూర్చోలేం" అని ఒకడు వీధిలో అన్నాడట. చివరికి ఎవరూ రాని రోజు వచ్చింది. మనిషి మొండి కదా, ఒక్కడే కుట్టు అంచు నేయడానికి పూనుకున్నాడు. తన నాడె విసరడం, ఎడంపక్కకు ఒళ్ళంతా ఒరిగి అంచు నాడె తనే విసరడం, మళ్ళీ నిటారుగా వచ్చి అచ్చు కొట్టడం. నడుము పోటు పెట్టేది. సాయంత్రానికి జానెడు చీర పెరిగితే అదే గొప్ప. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. నిజమే గాని, రాజుకు పక్కన మంత్రైనా ఉంటాడు. మొండివాడికి ఎవరుంటారు?

అలా నేసిన చీర ఒకటి తనకల్లు దగ్గర ఒక రైతు కుటుంబానికి పోయింది. పెద్ద భూములున్న ఇల్లు. వాళ్ళ అవ్వ వెంకటలక్ష్మమ్మ తన పెళ్ళికీ, కూతుళ్ళ పెళ్ళిళ్ళకూ తిప్పన్న మగ్గం చీరే కట్టించిన మనిషి. మనవరాలి పెళ్ళి జరిగిన కొన్నాళ్ళకు ఆవిడే బస్సెక్కి ధర్మవరం వచ్చింది. కేకలేయలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, సంచిలోంచి చీర తీసి ఒళ్ళో పరిచింది. ఎడం అంచు ఒళ్ళు నుంచి విడిపోయి మూరెడు మేర నోరు తెరుచుకుని ఉంది.

"తలంబ్రాల కాడ కూచుంటానే ఊడొచ్చింది ఆదెప్పా. పిల్ల పైట కప్పుకొని గమ్మున కూచునింది. ఎవరికీ తెలీకుండా నేనే సూది దారం తెచ్చి కుట్టినా."

ఆదెప్ప తల వంచుకున్నాడు. తండ్రి పోయినప్పుడు కూడా అంత కుంగిపోలేదు.

ఆవిడ రెండు అంచుల్నీ రెండు చేతుల్తో పట్టుకుని తడిమి చూసింది. "ఈ పక్క బిర్రుగా ఉండాది. ఆ పక్క వదులు. ఇద్దరు మనుషులు నేసినట్టు లేదు, ఒకటిన్నర మనిషి నేసినట్టుండాది." ఆ తర్వాత తలెత్తి అతని వైపు చూసి మెల్లగా అడిగింది. "ఏమబ్బా, ఆ పక్కన నీకెవరూ లేరా?"

ఆదెప్ప ఆ చీరను తన వైపు లాక్కున్నాడు. బదులు చీర నేసిస్తానన్నాడు. "నువ్వు నేసేకి ముందు, ఏం నేయగలవో తెలుసుకో నాయనా. అది తెలుసుకొని నేసిందే ఇయ్యి నాకు" అని ఆవిడ చీర అక్కడే వదిలి బస్సుకు పోయింది.

ఊళ్ళో చేనేత సంఘం పెట్టి అప్పటికి కొన్నేళ్ళయింది. ఆదెప్ప కూడా షావుకార్ని వదిలి అందులో చేరాడు. సంఘం పని చూసే నల్లప్ప నెమ్మదస్తుడు, ఆదెప్ప ఈడువాడే. చింతకాయలు దులిపే రోజుల్లో ఒక సాయంత్రం ఇంటికి వచ్చాడు.

"ఏమప్పా ఆదెప్పా, ఉగాది నుంచి ఎవరి మగ్గం ఏం నేస్తుందో ముందే చెప్పల్ల. చెప్పినదానికే పట్టు ఇస్తాము. కుట్టు అంచు అంటే ఆ పక్కన కూర్చునే మనిషి పేరు చెప్పు. మనిషి లేదంటావా, ఒంటి నాడె చీర నెయ్యి. అంచూ ఒళ్ళూ ఒకే రంగు, ఒక్కనివే నేసుకోవచ్చు."

"ఒంటి నాడెకు ఈ అచ్చు పనికిరాదు గదా."

"పనికిరాదు. ఇది కోసి తీసి కొత్త అచ్చు కట్టల్ల." నల్లప్ప మగ్గం వైపు చూడకుండానే అన్నాడు. ఆ మొదళ్ళ సంగతి అతనికీ తెలుసు. "ఏదో ఒకటి చెప్పు. రెండూ చెప్పకుంటే నీ వంతు పట్టు ఇంకొకరికి పోతాది. పోయినాక నేనేం చేయలేను."

నల్లప్ప వెళ్ళాక ఆదెప్పకు ఒకటి తెలిసింది. కుట్టు అంచు నిలవాలంటే, ఆ మొదళ్ళు నిలవాలంటే, తమ్ముడు తిరిగి రావాలి. ఇంకో దారి లేదు. చూరులో దోపిన ఆ పక్క నాడెను తీశాడు. తండ్రి కాలం నాటిది. తమ్ముడి బొటనవేలు ఆనీ ఆనీ ఒకచోట చెక్క అరిగి నున్నగా గుంటపడింది. దాన్ని తువ్వాలులో చుట్టుకున్నాడు. మాటలు తనకు రావని తనకు తెలుసు. కాబట్టి మాట్లాడకుండా ఈ నాడె తమ్ముడి చేతిలో పెట్టాలి, మిగతా సంగతి వాడికే అర్థమవుతుంది అనుకున్నాడు. జన్మలో ఏదన్నా అనుకున్నాడంటే అదే మొదలు.

పొద్దుటి రైలెక్కాడు. పెనుకొండ కొండా, దాని మీది కోట గోడలూ కనబడేదాకా ఎవరితోనూ పలకలేదు. పెనుకొండలో ఒకాయన ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు. కూర్చోగానే పలకరించాడు, కొందరికి ఆ వరం ఉంటుంది.

"యాడికి పోతాండావన్నా?"

"హిందూపురం."

"నేనూ ఆడికే. మాది అగళి. పెనుకొండలో బిడ్డకు సంబంధం చూసేకి వచ్చింటి, కుదిరింది. చింతపండు బండ్లు మా తమ్ముడు నిన్ననే సంతకు తోలినాడు. దుడ్లు చేతికొస్తానే ఆడనే పెండ్లి చీర తీసుకొని పోతా. హిందూపురంలో ఒకాయన ఉండాడంట, పెండ్లి చీర తప్ప ఇంకేమీ అమ్మడంట. అంత పట్టింపు ఉన్నోని కాడ సరుకు బాగుంటాది గదా." ఆయన ఒక బీడీ ముట్టించి, "నువ్వేం చేస్తావన్నా?" అని అడిగాడు.

"చీరలు నేస్తా."

"ఏం చీరలు?"

ఆదెప్ప కిటికీలోంచి బయటికి చూశాడు. కుట్టు అంచు అందామంటే నాలిక తిరగలేదు. తనకల్లు చీర కళ్ళముందు నోరు తెరుచుకుని కనబడింది. ఎదుటాయన కాసేపు చూసి, ఇదేమి మనిషిరా అనుకున్నట్టు అవతలి వాళ్ళ వైపు తిరిగాడు.

హిందూపురం చింతపండు వాసనతో నిండి ఉంది. బండ్ల మధ్య దారి చేసుకుంటూ అంగడివీధి పట్టుకున్నాడు. తమ్ముడి అంగడి పెద్దదేమీ కాదు. నలుగురు మనుషులు కూర్చుంటే నిండే వసారా. బోర్డు మీద తెలుగులో, కింద కన్నడంలో ఒకే మాట, పెండ్లి చీరలు. పేరు లేదు, దేవుడి బొమ్మ లేదు. ఆదెప్ప వీధికి అవతలే నిలబడి చూశాడు. నరసింహులు ఒళ్ళు చేశాడు. పరుపు మీద కూర్చుని ఒక చీర మడత విప్పి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. తమ్ముడు అంత మాటకారి అని ఆదెప్పకు ఆనాటిదాకా తెలియదు. పక్కనే ఏళ్ళ తరబడి పెట్టుకుని కూడా తెలియదు.

ఇంతలో ఒక రైతు వచ్చి తువ్వాలు కావాలన్నాడు. "తువ్వాళ్ళు లేవన్నా, పక్కంగట్లో అడుగు" అన్నాడు నరసింహులు. "ఆ మూలన కనిపిస్తాండాయి గదప్పా" అన్నాడు రైతు. "అవి చీరలు తుడిచేవి, అమ్మేవి గావు." రైతు నవ్వుకుంటూ పక్కంగడికి పోయాడు. ఇంటికి వచ్చిన లక్ష్మిని ఎవడైనా పక్కింటికి పంపుతాడా అని ఆదెప్ప విస్తుపోయాడు.

అన్నను చూడగానే నరసింహులు పరుపు మీంచి దిగి చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటి వచ్చాడు. "అన్నా, చెప్పాపెట్టకుండా వచ్చినావే" అని చేయి పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడంలో ఎంత సంతోషం ఉందో ఆదెప్పకు తెలిసింది. "ఊఁ" అన్నాడు.

వెనక గదిలో రామాంజినమ్మ రాగి సంకటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. "బావా, చిక్కిపోయినావు. వండుకొని తింటాండావా లేదా?" అని అడిగింది. తింటున్నానన్నాడు. అది అబద్ధమని ఆవిడకు తెలుసు, ఇంకో ముద్ద వేసింది.

అన్నం తిన్నాక అంగడి తలుపు దగ్గరకు వేసి అన్నదమ్ములిద్దరూ కూర్చున్నారు. ఆదెప్ప తువ్వాలు విప్పి, అనుకున్నట్టే, ఒక్క మాటా లేకుండా నాడె తమ్ముడి చేతిలో పెట్టాడు. నరసింహులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలు తనంతట తనే పోయి ఆ నున్నటి గుంటలో కూర్చుంది. వస్తాడు, వీడు వస్తాడు అనుకున్నాడు.

"తనకల్లు చీర సంగతి విన్నానన్నా" అన్నాడు నరసింహులు. "నాకు నిద్ర పట్టలేదు."

"ఉగాది లోపల సంఘానికి చెప్పల్ల. కుట్టు అంచు అంటే ఇద్దరి పేర్లు కావల్లంట."

నరసింహులు నాడెను ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేను ఈడికి వచ్చిన మొదట్లో అన్నీ తెచ్చి పెట్టిన. పంచెలు, రవికె గుడ్డలు, దుప్పట్లు. అడిగినోళ్ళకు లేదనకూడదనుకున్యా. ఎవరికి ఏం అమ్మినానో నాకే తెలిసేది కాదు. ఒకనాడు తలుపేసుకొని కూర్చొని అనుకున్యా. చుట్టూ పల్లెలోళ్ళు సంతకొస్తారు, బిడ్డ పెండ్లికి చీర అంటే ధర్మవరం దాకా పోవల్ల. వాళ్ళు పోకుండా ఈడనే మంచి చీర దొరకల్ల. అదీ నా పని. అది గానిది నాది గాదు. అట్ల అనుకున్నంక మనసు తేలికయింది." నాడెను వేలితో తడిమాడు. "ఆ మాట నీతో కలిసి అనుకోవల్లనే ఆపొద్దు అడిగినా. నువ్వు నవ్వినావు."

ఆదెప్పకు ఆ నవ్వు గుర్తుంది. ఇప్పుడు ఆ నవ్వు వెనక్కి తీసుకునే వీలుంటే ఏమైనా ఇచ్చేవాడు.

"నువ్వే ఈడికి రా అన్నా. ఆ పరుపు మీద కూర్చో. ఏ చీర నిలుస్తాది, ఏది నిలవదు, నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

"గుంతలో కాళ్ళు పెట్టకుంటే నాకు అన్నం దిగదురా."

"తెలుసు." నరసింహులు నాడెను ఒళ్ళోంచి తీసి మధ్యలో పెట్టాడు. ఆ తర్వాత అడిగిన మాట మాత్రం నేరుగా అన్న ముఖంలోకి చూసి అడిగాడు. "ఒక మాట చెప్పన్నా. నీకు నేను కావల్నా? ఆ పక్కకు ఒక మనిషి కావల్నా?"

ఇదయ్యా ఆ మనిషి జీవితంలో నోరు తెరవాల్సిన సమయం. నువ్వేరా, నువ్వు లేక ఇల్లు ఇల్లుగా లేదురా, కుట్టు అంచు గంగలో కలిసినా సరే అని మనసు కొట్టుకుంటూనే ఉంది. ఆ రెండు మాటలూ అని ఉంటే నరసింహులు అంగడి వదిలి వచ్చేవాడో లేదో మనకు తెలియదు. కానీ ఆ మాట విన్న తమ్ముడుగా ఉండిపోయేవాడు. ఆదెప్ప నోరు తెరిచాడు. తెరిచి, మగ్గం ముందు పుట్టి మగ్గం ముందు పెరిగినవాడికి వచ్చే మాటే అన్నాడు.

"కుట్టు అంచు నిలబడల్ల గదరా."

నరసింహులు తలూపాడు. కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. లోపల ఎక్కడో దీపం తగ్గించినట్టు ముఖం మామూలుగా అయిపోయింది. "నిలబడల్ల" అన్నాడు. "నేను మాత్రం రాలేనన్నా."

సాయంత్రం బండికి స్టేషను దాకా వచ్చాడు. బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు, తమ్ముడు ఎడంపక్కన. మధ్యలో నాడె ఉంది. రైలు వచ్చి ఆగినప్పుడు ఆదెప్ప దాన్ని తీసుకోబోతే నరసింహులు, "ఇది నా కాడ పెట్టుకుంటానన్నా" అన్నాడు. ఆదెప్ప చేయి వెనక్కి తీసుకున్నాడు. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాడు. కింద తమ్ముడు, పైన అన్న. బండి కదిలినప్పుడు నరసింహులు కిటికీ ఊచ మీద చేయి వేసి రెండడుగులు నడిచి "ఊఁ" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట అటునుంచి రావడం అదే మొదలు. ఇక కానీ, పోనీ అన్నట్టుంది. పెనుకొండ దాటేదాకా ఆదెప్ప పైపంచె ముఖాన కప్పుకుని ఏడ్చాడు. ఎదురుగా ఎవరో అడిగితే కళ్ళలో బొగ్గు నలక పడిందన్నాడు.

మర్నాడు నల్లప్ప దగ్గరికి పోయాడు.

"రాసుకో. తిప్పన్న మగ్గం కాదు, ఆదెప్ప మగ్గం అని రాయి. ఒక్క మనిషి చేతిలో అయ్యేదే నేస్తా. ఒంటి నాడె చీర. అంచు ఊడని చీర. అది తప్ప వేరేది అడిగితే నాకు రాదని చెప్పు."

నల్లప్ప కలం పట్టుకుని ఆగాడు. "కుట్టు అంచు నీకు రాకపోవడమేందప్పా?"

"ఒక్కనికి రాదు."

ఇంటికి వచ్చి కత్తెర తీసుకుని గుంతలో దిగాడు. ఆ మొదళ్ళ ముందు చేయి ఆడలేదు. తండ్రి అతికిన పోగు, తను అతికిన పోగు, తమ్ముడు పోయేముందు కూర్చుని అతికిన పోగు. ముడి మీద ముడిగా అన్నీ అందులోనే ఉన్నాయనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్ళూ. తీరా దగ్గరికి వంగి చూస్తే ఉన్నది జానెడు పట్టు. తండ్రి అతికిన పోగు ఏదైనా ఏనాడో చీరలో కలిసి ఎవరింటికో పోయి ఉంటుంది. అయినా కొద్దికొద్దిగానే కోశాడు. కోసిన కట్టను దేవుడి గూట్లో పెట్టాడు, పారేయబుద్ధి కాలేదు.

కొత్త అచ్చు కట్టి, ఉగాది పోయిన వారానికి మొదటి చీర ఎక్కించాడు. అది వెంకటలక్ష్మమ్మకు బదులు చీర. ముదురు ఆకుపచ్చ, అంచూ అదే రంగు, సన్న జరీ. పని సాఫీగా సాగింది. నడుము నొప్పి లేదు, ఒరగడం లేదు, ఎవరికోసమూ ఎదురుచూడటం లేదు. తను ఏం నేస్తున్నాడో, ఎందుకు నేస్తున్నాడో మొదటిసారి తనకే తెలుసు. నరసింహులు చెప్పినట్టు మనసు తేలికైంది కూడా. తేలికైన మనసులో చోటు ఎక్కువ కదా, ఆ చోటంతా ఖాళీ.

సగం చీర అయ్యాక ఒక మధ్యాహ్నం, ఎడం అంచు దగ్గర నాడె పట్టుకుని "ఊఁ" అంటున్న తన గొంతు తనకే వినిపించింది. చెవి నిలిపి విన్నాడు. మొదటి పోగు నుంచీ అంటూనే ఉన్నాడని అప్పుడు తెలిసింది. చీర పొడుగునా, ప్రతి పోగుకూ, ఆ పక్కన ఎవరో ఉన్నట్టు అంటూనే ఉన్నాడు.

నాడె కింద పెట్టి గుంతలోంచి లేచాడు. మగ్గం చుట్టూ తిరిగి వెళ్ళి ఎడంపక్కన చెక్క మీద కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అక్కడ ఎప్పుడూ కూర్చోలేదు. చిన్నప్పుడు అది నాయన పిలిచిన మనుషుల చోటు, తర్వాత తమ్ముడి చోటు. అక్కడి నుంచి చూస్తే మగ్గం వేరుగా ఉంది. అంచు తప్ప చీర కనిపించదు, గుంతలో మనిషి ముఖమూ కనిపించదు. కూర్చున్నవాడు వంగి నేస్తుంటే ఇక్కడికి కనబడేది వాడి నెత్తి ఒక్కటే. అంతకాలమూ తమ్ముడు చూసింది అదే అన్నమాట. వాడు మాట ఎత్తిన రోజు కూడా, పోతానని చెప్పిన రోజు కూడా, ఈ నెత్తి పైకి లేవలేదు.

"నువ్వే కావల్లరా నరసింహులూ" అన్నాడు ఆదెప్ప, ఖాళీ గుంత వైపు చూసి. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి మాట చక్కగా వచ్చింది. ఇంకోసారి కూడా అన్నాడు.

వీధిలో పక్కింటి మగ్గం ఆడుతూనే ఉంది. కాసేపు అక్కడే కూర్చుని, పొద్దు వాలకముందే మళ్ళీ గుంతలో దిగాడు. వెంకటలక్ష్మమ్మకు ఇస్తానన్న చీర ఇంకా సగం మిగిలి ఉంది.